నా గదికి కిటికీ ఉంది

మేడ మీది చిన్న గది,
వచ్చిన మొదటి వారం.

అక్కా,

క్షేమంగా చేరాను. ఫోన్లో నా మాట నీ చెవికెక్కదు, నీ కేకలు నా చెవి తట్టుకోదు, అందుకని ఉత్తరాలే రాసుకుందామని బయల్దేరే ముందు అనుకున్నాం కదా. మొదటిది నేనే రాస్తున్నాను. మన మిరపకాయతో మాత్రం ఫోన్లో మాట్లాడాను. కన్నతల్లి పరాయి దేశం వెళ్ళిందన్న బెంగ ఏ కోశానా లేదు దానికి. "పెద్దమ్మ ఉందిగా" అంది. నాకు సంతోషం వేసింది, కొంచెం కోపమూ వచ్చింది.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నేను ఇక్కడ ఎవరిని చూసుకోవడానికి వచ్చానో నాకింకా తెలియలేదు.

ఏజెన్సీ కాగితంలో "వృద్ధులకు తోడు" అని ఉంది కదా. ఇంట్లో ఇద్దరున్నారు, మొగుడూ పెళ్ళామూ. ఆయన బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆవిడ బళ్ళో లెక్కలు చెప్పేది. నేను పెద్దాయన, టీచరమ్మ అనుకుంటున్నాను. వాళ్ళమ్మాయి వేరే ఊళ్ళో ఉంటుంది. నన్ను కారులో తీసుకొస్తూ, "ఒకరికి మతిమరుపు మొదలైంది. ఎవరికో మీకే తెలుస్తుంది. వాళ్ళ ముందు మాత్రం ఆ మాట ఎత్తకండి" అంది. నాకు తెలుస్తుందిట! చూడగానే కనిపించడానికి అదేమన్నా బొట్టా?

టీచరమ్మ సన్నగా ఉంది, మెల్లగా నడుస్తోంది. ఈవిడే అయ్యుంటుంది అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బూ, స్టూలూ పట్టుకుని స్నానాల గది దగ్గర నిలబడ్డాను, కోర్సులో నేర్పినట్టు. ఆవిడ వచ్చి నన్ను కిందనుంచి మీదకి చూసి, "స్నానం నీకా నాకా?" అంది. మీకే అన్నాను. "నాకు చేతులున్నాయమ్మా" అని తువ్వాలు లాక్కుని తలుపేసుకుంది. అక్కా, తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆవిడే వంటింట్లోకి పిలిచి తలుపు ఓరగా వేసి చెప్పింది. "ఆయనకి మతి పోతోంది. పాపం ఆయనకి తెలియదు. నువ్వు వంటకి వచ్చావని చెప్పాను. అలాగే ఉండు." హమ్మయ్య, తేలిందిరా బాబూ అనుకున్నాను. సాయంత్రం పెద్దాయన నన్ను బాల్కనీలోకి పిలిచి, అటూ ఇటూ చూసి, "ఆవిడకి మతి పోతోందమ్మా. ఆవిడకి చెప్పొద్దు. నువ్వు పై గది అద్దెకి తీసుకున్నావని చెప్పాను" అన్నాడు.

ఇప్పుడు నేను ఒకరికి వంటమనిషిని, ఒకరికి అద్దెకున్నదాన్ని. ఇద్దరూ ఒకేచోట ఉన్నప్పుడు ఎవర్నో తెలియక కుర్చీలో కూర్చోవాలో నిలబడాలో అర్థంకాక స్తంభం పక్కన ఆగిపోతున్నాను. నువ్వయితే ఏం చేసేదానివి?

నీ తోడికోడలు


వెనక వరండా,
వానలు తగ్గాక.

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి నవ్వకుండా ఉండటం నావల్ల కాలేదు. తువ్వాలు లాక్కుందా? ఆవిడ నాకు నచ్చింది. మీ బావగారు లారీ దిగి అప్పుడే వచ్చారు, ఆయనకీ చదివి వినిపించాను. "ఏ దేశమెళ్ళినా ఈ పిల్ల ఇంతే" అన్నారు.

అయినా తెలియలేదంటావేమిటే? అత్తయ్యని చూసుకున్నదానివి. అత్తయ్య సంగతి మనకి మొదట ఎలా తెలిసింది? డాక్టరు చెబితేనా? ఉతికిన బట్టలు మడతపెట్టడం దగ్గర తెలిసింది. మనం ఇద్దరం ఎప్పుడూ బట్టలు ఆవిడ ముందు పోసేవాళ్ళం గుర్తుందా? మడత బాగున్న రోజు మనిషి బాగుండేది. మడత తప్పిన రోజు మనం పక్కనే ఉండేవాళ్ళం. నువ్వూ అదే చెయ్యి. ఇద్దరికీ వేరువేరుగా బట్టలివ్వు. మనుషులు మాటల్లో దాచుకుంటారు గానీ చేతులు దాచవు.

ఇంకోటి. ఎవరికని తేలినా సరే, మన ఇంటి పద్ధతి వదలకు. "మర్చిపోయావు" అన్న మాట నీ నోట రాకూడదు. వెయ్యిసార్లు అడిగినా మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పాలి, గొంతు కూడా మారకూడదు. నీకు ఓపిక తక్కువ. మొదట్లో అత్తయ్య మీద విసుక్కుంటే నేను నీ జడ పట్టుకుని లాగాను, జ్ఞాపకం పెట్టుకో. ఇక్కణ్ణుంచి నీ జడ అందదు.

అన్నీ రాశావు గానీ అసలుది రాయలేదు. నీ గదికి కిటికీ ఉందా? నువ్వు కాపురానికొచ్చినప్పుడు నీకిచ్చిన గదికి కిటికీ లేదు. ఊపిరాడటం లేదని ముసుగు కింద ఏడ్చేదానివి. మీ ఆయన, పోయిన నా మరిది, మంచివాడే పాపం, కానీ పైకి అడిగే మనిషి కాదు. నేనే మీ బావగారితో గొడవపడి గోడ పగలగొట్టించాను. ఆ దుమ్ములో అత్తయ్య నాతో వారం మాట్లాడలేదు. పరాయి దేశంలో గోడ పగలగొట్టించడానికి నేను లేను. అందుకని అడుగుతున్నాను. కిటికీ ఉందా?

మిరపకాయ బాగానే చదువుకుంటోంది. తింటోంది. నోరు మాత్రం పెరిగింది.

అక్క


మేడ మీది చిన్న గది,
చలి మొదలయ్యింది.

అక్కా,

ముందు కిటికీ. ఉంది. ఉత్తరం వైపు. తెరిస్తే మలుపులో బస్సులు ఆగే చోటూ, ఎదురు డాబా మీద ఎవరివో ఆరేసిన బట్టలూ కనిపిస్తాయి. రెక్క కొంచెం బిగుతు. గుప్పెటతో ఒక్కటిస్తే తెరుచుకుంటుంది. కింద తాళాలు బాగుచేసే కొట్టుంది. పొద్దున్నే ఆకురాయి చప్పుడుకి మెలకువ వస్తుంది. ఊపిరి బాగానే ఆడుతోంది, బెంగపెట్టుకోకు.

నీ మడత పరీక్ష పెట్టాను. కొంప మునిగింది.

పెద్దాయన ముందు బట్టలు పోశాను. ఆయన చొక్కా తీసి బల్లమీద పరిచి, ముడతలు అరచేత్తో తుడిచి, నలుచదరంగా ఎంత అందంగా మడతపెట్టాడనీ. సరే, ఈయన బాగున్నాడు, టీచరమ్మకే అనుకున్నాను. అంతలో ఆ చొక్కా మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు. అదే చొక్కా, అదే శ్రద్ధ. పక్కన పోసిన గుట్ట అలాగే ఉంది. నాకు అత్తయ్య చీర మడతలు జ్ఞాపకమొచ్చి కళ్ళనీళ్ళొచ్చాయి.

అయితే ఈయనకే అని తేల్చుకుని, ఊరికే చూద్దామని టీచరమ్మకీ కాసినిచ్చాను. ఆవిడ గబగబా నాలుగు మడతపెట్టింది. తర్వాత ఒక లాగు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. "ఇదెవరిది?" అంది. పెద్దాయనది అన్నాను. "ఆయనెవరు?" అంది. నేను నోరు తెరిచేలోపు తనే, "ఆఁ, మా ఆయనదే, నిన్ను పరీక్ష చేశాను" అని నవ్వింది. ఆ నవ్వు నవ్వులా లేదక్కా.

అంటే ఇద్దరికీనా? ఎవరికి ఎక్కువ? ఆయన ఆవిడ మర్చిపోతుందని పొయ్యి వెలిగించడానికి తిప్పే గుండీలు ఊడదీసి జేబులో వేసుకుంటాడు. ఆవిడ ఆయన దారి తప్పుతాడని ఆయన బూట్లు బియ్యం డబ్బాలో దాస్తుంది. పొద్దున్నే ఒకరు పొయ్యి వెలగడం లేదనీ, ఇంకొకరు బూట్లు పోయాయనీ నన్నడుగుతారు. నాకు రెండూ ఎక్కడున్నాయో తెలుసు. ఎవరికీ చెప్పకూడదు.

నిన్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. గొంతు అలిసిపోయి ఉంది. పెద్దవాళ్ళని ఉంచుకునే హోమ్ ఒకటి ఉందిట, మంచిదేనట, చలి తగ్గేసరికి అక్కడ ఒక్క మంచం ఖాళీ అవుతుందిట. "అప్పటికి వస్తాను. ఎవరిని అక్కడికి పంపాలో మీరే చెప్పాలి. రెండోవాళ్ళని మీరు ఇంట్లో చూసుకుంటారు" అంది. నేను సరేనన్నాను. భయంతో సరేనన్నాను. నేను ఒక పేరు చెబితే ఆ మనిషి ఈ ఇల్లు వదిలి పోతారు. చెప్పకపోతే నా పని పోతుంది, మిరపకాయ చదువు మధ్యలో ఆగుతుంది. ఎవరి పేరు చెప్పను? నువ్వు చెప్పు.

నీ తోడికోడలు


వెనక వరండా,
ఎండ బాగుంది.

చెల్లాయ్,

ఆ టీచరమ్మ "నిన్ను పరీక్ష చేశాను" అందని రాశావే, అది చదివి నా గుండె చెరువైంది. అత్తయ్యా అంతే కదా. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు" అని, మరుక్షణమే "ఊరికే అన్నాలే" అనేది. తనకు తెలుసన్నమాట. మనకి తెలియకూడదని ఆవిడ తాపత్రయం, ఆవిడకి తెలియకూడదని మన తాపత్రయం.

తొందరపడి ఎవరి పేరూ చెప్పకు. తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. పని పోతే పోతుంది, వచ్చెయ్. మిరపకాయ చదువు సంగతి మీ బావగారు చూస్తారు. ఆయన లారీ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక్కడ కొత్త గొడవ. నీ కూతురికి మతిమరుపు వచ్చింది. తాళంచెవి ఎక్కడో పెట్టి నన్ను బయట నిలబెట్టింది. పాలు పొయ్యిమీద పెట్టి వెళ్ళిపోయింది, గిన్నె మాడి బొగ్గయింది. అడిగితే నేను పెట్టలేదంటుంది. ఈ వయసులో ఇంత పరధ్యానమా? చదువు మరీ ఎక్కువైనా మంచిది కాదు. ఏమీ అనకు, పాపం బాధపడుతుంది.

అది సరేగానీ, నీ గదికి కిటికీ ఉందా లేదా? అడిగితే జవాబు రాయవేమిటే?

అక్క


మేడ మీది చిన్న గది,
మంచు పడుతున్న పొద్దు.

అక్కా,

కిటికీ గురించి పోయిన ఉత్తరంలో రాశాననే అనుకున్నాను. రాయలేదేమో. బట్టల గోలలో పడి మర్చిపోయి ఉంటాను. ఇద్దరు మతిమరుపు మనుషుల మధ్య ఉండి నాకూ అంటుకున్నట్టుంది. ఉంది అక్కా, ఉత్తరం వైపు. గాలి బాగా వస్తుంది.

మిరపకాయ గురించి నువ్వు రాసింది చదివి దానికి ఫోన్ చేశాను. "తాళంచెవి నేను పెట్టలేదమ్మా. పాలు నేను పెట్టలేదమ్మా" అని ఇంత పొడుగున చెప్పింది. ఎవరు పెట్టారే అంటే చదువుకోవాలంటూ ఫోన్ కట్ చేసింది. ఈ దూరం నుంచి ఎవరి మాట నమ్మాలో నాకు తెలియడం లేదు. దాన్ని తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. నీ ఆరోగ్యం ఎలా ఉంది? నిద్ర పడుతోందా?

మొన్న ఇక్కడ ప్రాణం పోయి వచ్చింది. మందులు తేవడానికి వీధి చివరికి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. బియ్యం డబ్బా మూత తెరిచి ఉంది, బూట్లు లేవు. పొయ్యి గుండీలు మాత్రం బల్లమీద వరసగా పెట్టి ఉన్నాయి. వీధిలో పరిగెత్తాను. తాళాల కొట్టతన్నడిగాను, చాకలి షాపులో అడిగాను. బస్సులు ఆగే చోట నిలబడి ఏడ్చాను కూడా. పేర్లు చెప్పాల్సిన పనే లేకుండా ఇద్దరినీ పోగొట్టేశాననుకున్నాను.

చీకటి పడకముందే వాళ్ళే వచ్చారు. బస్సు దిగి, చేయీ చేయీ పట్టుకుని, పోట్లాడుకుంటూ. పెద్దాయన తను నడిపిన పాత రూటు ఆవిడకి చూపించడానికి తీసుకెళ్ళాట్ట. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో ఒక్కటీ తప్పలేదు. వెనకే నడిచాను, కనపడకుండా. మలుపు తిరిగాక మా వీధిలో ఆయన ఆగిపోయాడు. ఒక్కో తలుపూ చూస్తున్నాడు. టీచరమ్మ ఏమీ అనకుండా ఆయన మోచెయ్యి పట్టుకుని మా తలుపు దగ్గరికి తీసుకొచ్చింది. తలుపు తీస్తే లోపల నేను లేను కదా, వెనకున్నాను. "వంటమనిషి ఎక్కడికో పోయింది" అందావిడ. "అద్దెకున్నమ్మాయి కూడా లేదు" అన్నాడాయన.

ఆయనకి దారి తెలుసు, ఇల్లు తెలియదు. ఆవిడకి ఇల్లు తెలుసు, దారి తెలియదు. వాళ్ళమ్మాయి ఇదంతా వింటే ఇద్దరికీ మతి పోయిందని ఇద్దరినీ చెరోచోటా పెట్టేస్తుందేమో. చెప్పాలా, దాచాలా? నాకేమీ పాలుపోవడం లేదు.

నీ తోడికోడలు


వెనక వరండా.

చెల్లాయ్,

నీ ఉత్తరం అందింది. చదువుతుంటే నేనూ నీ వెనకే ఆ వీధిలో నడిచినట్టుంది. నిద్ర పడుతోంది. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు నన్ను అలా పరామర్శించడం మొదలుపెట్టావేమిటి, ముసలిదాన్ననా?

మిరపకాయ మతిమరుపు ముదురుతోంది. తాళంచెవి మళ్ళీ పోయింది. చివరికి నా పెట్టెలో, చీరల మధ్య దొరికింది. అక్కడ పెట్టాల్సిన అవసరం దానికేమొచ్చిందో! నన్ను అదోలా చూస్తోంది. నా వెంటే తిరుగుతోంది, పొయ్యి దగ్గరికి వెళ్తే పొయ్యి దగ్గరికి. ఏమిటే అంటే ఏం లేదు పెద్దమ్మా అంటుంది. దానికే ఏదో భయం పట్టుకున్నట్టుంది. ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?

ఆ పెద్దవాళ్ళ సంగతి ఏమైంది? తేలిందా?

అన్నట్టు, వెళ్ళినప్పటినుంచి అడగాలనుకుంటూనే ఉన్నాను. నీ గదికి కిటికీ ఉందా?

అక్క

(అమ్మా, ఇదే ఉత్తరం పెద్దమ్మ నిన్న కూడా రాసి పోస్టు చేయమని ఇచ్చింది. ఈరోజు మళ్ళీ రాసి ఇచ్చింది. మాటలు కూడా అవే. రెండూ ఒకే కవర్లో పెడుతున్నాను. పెదనాన్న వచ్చాక చెప్దామంటే ఆయన ట్రిప్పు మీద ఉన్నారు. నేను చెప్పానని పెద్దమ్మకి తెలియనివ్వకు. నాకు భయంగా ఉంది. - నీ కూతురు)


మేడ మీది చిన్న గది,
మంచు కరుగుతోంది.

అక్కా,

నా గదికి కిటికీ ఉందా అని అడిగావు. ఉంది. ఉత్తరం వైపు చక్కటి కిటికీ. తెరవగానే మలుపులో బస్సులు కనిపిస్తాయి, ఎదురు డాబా మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. రెక్క కాస్త బిగుతు, గుప్పెటతో తడితే వస్తుంది. ఊపిరి బాగా ఆడుతోంది. అడిగినందుకు ఎంత సంతోషమేసిందో.

తాళంచెవికి మెడలో వేసుకునేలా తాడు కట్టమని మిరపకాయకి చెప్పాను. నీకూ ఒకటి కడుతుంది, దానికి తోడుగా వేసుకో. బావగారు ఎప్పుడొస్తారు?

ఇక్కడి సంగతి చెప్తాను. వాళ్ళమ్మాయి వచ్చింది. వంటగదిలో నన్ను కూర్చోబెట్టి, "ఎవరు?" అంది. నేను రోజుల తరబడి తయారుచేసుకున్న మాటలేవీ సరిపోవనిపించింది. వాళ్ళ భాషలో నాకు రాని మాటలు చాలా ఉన్నాయి. అందుకని చెప్పకుండా చూపించాను. ఉతికిన పెద్ద దుప్పటి తెచ్చి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన ఒక్కడే దాన్ని మడతపెట్టబోయాడు, కాళ్ళకి చుట్టుకుంది. టీచరమ్మ గయ్యిమంటూ లేచి వచ్చి రెండు కొసలూ పట్టుకుంది. మనం పెరట్లో పట్టుకున్నట్టే, ఆయన అటూ ఈవిడ ఇటూ. ఆయన తడబడితే ఆవిడ "మొదట పొడుగ్గా" అంది. ఆవిడ ఆగిపోతే ఆయన తన కొసలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. దగ్గరికొచ్చారు, దూరం జరిగారు, మళ్ళీ దగ్గరికొచ్చారు. ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. ఇస్త్రీ చేసినట్టు వచ్చింది మడత.

"ఇద్దరికీ కలిపి ఒక తల ఉందమ్మా. సగం తీసుకెళ్తే మిగిలిన సగంతో నేను ఏం చేయను?" అన్నాను. ఆ అమ్మాయికి కోపమొచ్చింది. "తేల్చి చెప్తారని మిమ్మల్ని పెట్టుకున్నాను" అంది. తేలలేదండీ అన్నాను. ఆ దుప్పటిని చేతిలో పట్టుకుని కూర్చుని ఏడ్చింది. ఏ సంగతీ తేల్చకుండానే వెళ్ళిపోయింది. నా పని ఉందో ఊడిందో కూడా తెలియదు. నేనైతే రోజూ పొద్దున్నే ఒకరికి బూట్లూ ఒకరికి గుండీలూ వెతికిపెడుతున్నాను.

నువ్వు బాగా తిను. ఏ విషయానికీ కంగారుపడకు. నీకు ఏం కావాలన్నా, ఎన్నిసార్లయినా అడుగు.

నీ తోడికోడలు


వెనక వరండా,
పొద్దున.

చెల్లాయ్,

ఈ ఉత్తరం కూర్చున్నచోటు నుంచి లేవకుండా రాస్తున్నాను. లేచానంటే మళ్ళీ మొదలుపెడతానని భయం.

నీ ఉత్తరం చదివాను. కిటికీ గురించి ఎంత మెత్తగా రాశావు! "అడిగినందుకు ఎంత సంతోషమేసిందో" అన్నావు. నీకంత మెత్తదనం పుట్టుకతో లేదు. ఆ గొంతు నాకు తెలుసు. అది అత్తయ్యతో మాట్లాడే గొంతు. నీకు నేర్పింది నేనే, జడ పట్టుకుని మరీ.

పెట్టెలోంచి నీ పాత ఉత్తరాలు తీసి బయట వేసుకుని చదివాను. ఉత్తరం వైపు. ఉత్తరం వైపు. ఉత్తరం వైపు. మూడింటిలోనూ ఉంది. నేను ఒక్కటి కూడా చదివిన గుర్తు లేదు. కాదు, చదివిన గుర్తుంది, కిటికీ గుర్తు లేదు. ఆ ఆకురాయి చప్పుడు గుర్తుంది, పొయ్యి గుండీలు గుర్తున్నాయి. కిటికీ ఎలా జారిపోయిందే? నీ కోసం గోడ పగలగొట్టించినది నిన్న జరిగినట్టుంది. నీ జవాబు మాత్రం నిలవడం లేదు.

పాలగిన్నె నేనే పెట్టానేమో. మిరపకాయని ఎన్ని మాటలన్నానో. నువ్వే పెట్టావని అది ఒక్కసారి కూడా అనలేదు. మన పద్ధతి ఆ పిల్లకి ఎవరు చెప్పారు? నువ్వా? లేక మనల్ని చూసి నేర్చుకుందా?

నాకు భయంగా ఉంది చెల్లాయ్. అత్తయ్య లాగా అవుతాననేది ఒక భయం. అంతకంటే పెద్దది ఇంకోటుంది. మీరందరూ నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెడతారు. ఏం చేసినా నవ్వుతారు. నేను తప్పు చేశానో లేదో చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ పద్ధతి మంచిదని అన్నేళ్ళు అనుకున్నాను. అవతలి వైపు నిలబడితే ఇంత చలిగా ఉంటుందని తెలియదు. పాపం అత్తయ్య.

నువ్వు నాతో అలా రాయకు. మర్చిపోయావే అని తిట్టు. ఆ టీచరమ్మా పెద్దాయనా తిట్టుకుంటూనే కదా దుప్పటి మడతపెట్టారు. నన్నూ తిట్టు.

అక్క


మేడ మీది చిన్న గది,
సామాను సర్దుతూ.

ఒసేయ్ అక్కా,

నిన్ను ఇలా పిలవడం ఇదే మొదలు. అడిగి తెచ్చుకున్నావు కాబట్టి అనుభవించు.

నీకు బుద్ధుందా? పాలు పొయ్యి మీద పెట్టి వరండాలో కూర్చుని నాకు ఉత్తరాలు రాస్తావా? తాళంచెవి చీరల మధ్య దాచి నా కూతుర్ని డాక్టరుకి చూపిద్దామంటావా? దాని చేతిలో దెబ్బలు పడాలి నీకు. బావగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన లారీ తిప్పుకుని వస్తున్నారు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి, డాక్టరు చెప్పేది ఆయన వింటారు. నువ్వు వెళ్ళనని మొరాయించావో, నా సంగతి తెలుసుగా.

చెప్పాల్సింది ఇంకోటుంది. నేను వస్తున్నాను.

వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఇద్దరికీ ఒకే గది దొరికేదాకా ఎవరినీ ఎక్కడికీ పంపనంది. నా పని ఊడలేదు, నేనే మానేస్తానన్నాను. నాకు బదులు ఏజెన్సీ ఇంకో ఆవిణ్ణి పంపింది. బూట్లు బియ్యం డబ్బాలో ఉంటాయని, గుండీలు జేబులో ఉంటాయని ఆవిడకి చూపించాను. దుప్పట్లు మాత్రం నువ్వు మడతపెట్టకు, వాళ్ళకే ఇవ్వమని చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడనీ.

మిరపకాయ చదువు ఏమవుతుందో నాకు తెలియదు. వచ్చాక నేను ఏ పని చేస్తానో తెలియదు. నీకు ఎంతవరకు ముదురుతుందో, డాక్టరు ఏమంటాడో, ఏదీ తెలియదు. ఇక్కడికొచ్చి నేను నేర్చుకున్నది తెలియదని చెప్పడం ఒక్కటే, అది కూడా నువ్వు రాస్తేనే ధైర్యం వచ్చింది. ఆ ఉత్తరం నీకు గుర్తుందా? లేకపోతే పెట్టెలో ఉంది, తీసి చదువుకో.

వెళ్తున్నానని టీచరమ్మకి చెప్పాను. మా అక్కకి ఒంట్లో బాగాలేదన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అక్కడ పేషెంటు ఎవరు, నువ్వా ఆవిడా?" అంది. ఇంకా తేలలేదన్నాను. పక్కనే ఉన్న పెద్దాయన, గది ఖాళీ చేస్తున్నందుకు చాలా విచారించాడు.

చీరలన్నీ ఉతికి పెట్టు. పెరట్లో కూర్చుని మడతపెడదాం. నువ్వు తప్పు పెడితే తిడతాను, నేను తప్పు పెడితే జడ లాగు. అందేంత దగ్గర్లోనే ఉంటాను.

ఇక అది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఎన్ని ఉత్తరాలు రాయాలి? మర్చిపోయావు. శుభ్రంగా మర్చిపోయావు. నా గదికి కిటికీ ఉంది! ఉత్తరం వైపు! ఇంకోసారి అడిగావంటే మళ్ళీ తిడతాను.

అడుగు.

నీ చెల్లెలు